నాలుగు కిలోమీటర్ల మంచు, ఒక్క రేడియో ఎకో: అంటార్కిటికా అడుగున ఏముందో ఎలా తెలుస్తుంది?

మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ ఒక ఫార్వర్డ్ పడేశాడు. అంటార్కిటికా మంచు కింద నుంచి వింత రేడియో సిగ్నల్స్ వస్తున్నాయట, గ్రీన్‌లాండ్ మంచు కింద నాసా రాడార్‌కి రహస్య నగరం దొరికిందట, మన నైసార్ శాటిలైట్ ఇంక మంచుని అడుగుదాకా స్కాన్ చేసి పారేస్తుందట. కింద "ఏరా, నువ్వు ఇలాంటివి చదువుతుంటావుగా, నిజమేనా?" అని నన్ను ట్యాగ్ చేశాడు. చదివితే ఒక్కటీ పూర్తి అబద్ధం కాదు, అలాగని ఒక్కటీ సరిగ్గా లేదు. మూడు వేరు వేరు సంగతులు, మూడింట్లోనూ రేడియో, మంచు అనే మాటలున్నాయి కదా అని ఒకే మూకుట్లో వేసి వేయించేశారు.

ఫార్వర్డ్‌లోని చిక్కు ముందు విడదీద్దాం

రహస్య నగరం సంగతి తేలిక. దాని పేరు క్యాంప్ సెంచరీ. 1959లో అమెరికా ఆర్మీ గ్రీన్‌లాండ్ మంచులో సొరంగాలు తవ్వి కట్టుకున్న స్థావరం, 1967లో వదిలేసి వెళ్ళిపోయారు, ఆ తర్వాత పైన మంచు పడుతూ పడుతూ ఇప్పుడది ఓ 30 మీటర్ల లోతుకి పోయింది. 2024 ఏప్రిల్‌లో నాసా విమానం వేరే పని మీద రాడార్ టెస్ట్ చేస్తూ దాని మీదుగా వెళ్తే ఆ కట్టడాలు ముందెప్పుడూ లేనంత స్పష్టంగా కనిపించాయి, అంతే. కొత్తగా దొరికిందేం లేదు, అది అక్కడుందని అందరికీ తెలుసు.

వింత సిగ్నల్స్ మాత్రం నిజంగానే వింత. అనీటా అని ఒక ప్రయోగం ఉంది, అంటార్కిటికా మీద దాదాపు 40 కిలోమీటర్ల ఎత్తులో బెలూన్‌కి యాంటెన్నాలు కట్టి ఎగరేస్తారు. అంతరిక్షం నుంచి వచ్చే న్యూట్రినోలనే అతి చిన్న కణాలు మంచులో గుద్దుకున్నప్పుడు చిన్న రేడియో మెరుపు పుడుతుంది, దాన్ని పట్టుకోవడం కోసం. 2006లో ఒకటి, 2014లో ఒకటి తేడా పల్స్‌లు తగిలాయి. మామూలుగా పైనుంచి వచ్చి మంచు మీద పడి తిరిగొచ్చే పల్స్ తలకిందులై వస్తుంది, ఇవి తలకిందులవ్వలేదు, పైగా వచ్చిన కోణం చూస్తే వేల కిలోమీటర్ల రాయిని దాటుకుని పైకి వచ్చినట్టుంది, అది మనకి తెలిసిన ఏ కణానికీ దాదాపు అసాధ్యం. అర్జెంటీనాలోని పియరీ ఓజే అబ్జర్వేటరీ వాళ్ళు ఏళ్ళ తరబడి డేటా వెతికి అలాంటివేమీ మాకు కనపడలేదు అని 2025లో రాశారు, వార్త అప్పుడే మళ్ళీ పైకి లేచింది. కొత్త కణం అనేవాళ్ళున్నారు, మంచు పై పొరల్లో రేడియో వంకరపోయి అలా కనిపించిందేమో అనేవాళ్ళున్నారు. ఎటూ తేలలేదు. ఏలియన్స్ అని మాత్రం పేపర్ రాసినవాళ్ళెవరూ అనలేదు.

మిగిలింది మూడోది, మంచు అడుగుదాకా స్కాన్ చేయడం. ఇది నిజంగా చేసే పనే, అరవై ఏళ్ళ పైనుంచీ చేస్తున్నారు, కాకపోతే నైసార్‌తో కాదు. అసలు కథ ఇదే.

మంచులోంచి రేడియో ఎందుకు దూరుతుంది

ఫ్రీజర్‌లో గడ్డకట్టిన సాంబార్ గాజు గిన్నెలో పెట్టి మైక్రోవేవ్ ఆన్ చేసి చూడండి. రెండు నిమిషాలకి అంచుల్లో కుతకుతా ఉడికిపోతుంటుంది, మధ్యలో స్పూన్ పెడితే టక్కుమని రాయిలా తగులుతుంది. మైక్రోవేవ్ కూడా రేడియో తరంగమే. నీళ్ళలో అణువులు కదలడానికి వీలుంటుంది కాబట్టి ఆ తరంగంతో పాటు అటూ ఇటూ ఊగుతూ దాని శక్తిని తాగేస్తాయి, మంచులో అవే అణువులు ఒకదానికొకటి బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి అంత వేగంగా ఊగలేవు, తరంగం పెద్దగా తగ్గకుండా దూరిపోతుంది. అంచుల్లో కాస్త కరిగిన చోట నీళ్ళు పుట్టాయా, వేడంతా అక్కడే తాగేస్తాయి, అందుకే ఒక పక్క పొంగుతుంటే ఒక పక్క మంచు.

ధ్రువాల దగ్గర కూడా ఇంతే. బాగా చల్లగా, ఉప్పు లేకుండా ఉన్న మంచు రేడియోకి దాదాపు గాజులాంటిది. మంచు వెచ్చబడే కొద్దీ, లోపల నీటి చెమ్మ, ఉప్పు పెరిగే కొద్దీ మసకేస్తుంది. సముద్రపు నీరైతే గోడే, అందులోకి ఈ తరంగాలు పోలేవు. కొండల మీది వెచ్చటి గ్లేసియర్లలో పని కష్టమయ్యేది కూడా ఇందుకే, లోపలున్న నీళ్ళ సందులే రేడియోని చెదరగొట్టేస్తాయి, అక్కడ ఇంకా పొడుగు తరంగాలు, అంటే కొన్ని మెగాహెర్ట్జ్‌లవి వాడాలి. అంటార్కిటికా మీద ఎక్కువగా 60 నుంచి 200 మెగాహెర్ట్జ్ మధ్య వాడతారు, మన ఎఫ్‌ఎం రేడియో ఉండే ఇరుగుపొరుగే అది.

తప్పు చూపించిన మీటర్‌తో మొదలైంది

దీన్ని ఎవరూ కూర్చుని కనిపెట్టలేదు. విమానంలో కింద నేల ఎంత దూరంలో ఉందో చెప్పే రాడార్ ఆల్టిమీటర్ ఉంటుంది, పల్స్ వదిలి అది తిరిగొచ్చే టైమ్ చూసి ఎత్తు చెప్తుంది. మందపాటి మంచు మీద ఎగిరేటప్పుడు కొన్ని ఆల్టిమీటర్లు ఉన్నదానికంటే చాలా ఎక్కువ ఎత్తు చూపించేవి, ఎందుకంటే పల్స్ మంచు పైభాగాన్ని లెక్కచేయకుండా లోపలికి దూరి అడుగున రాయికి తగిలి వచ్చేది. పైలట్‌కి ఇది ప్రాణం మీదకొచ్చే తప్పు, కింద బోలెడు ఖాళీ ఉందనుకుంటాడు, ఉండదు. అమెరికా ఆర్మీ సిగ్నల్ కోర్‌లో పనిచేసిన ఎమొరీ వెయిట్ ఈ తప్పు మీటర్‌నే మంచు మందం కొలిచే సాధనంగా వాడొచ్చని 1957లో చూపించాడు. తర్వాత కేంబ్రిడ్జ్‌లోని స్కాట్ పోలార్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టాన్ ఎవాన్స్ ఇదే పని కోసం ప్రత్యేకంగా 35 మెగాహెర్ట్జ్ రాడార్ తయారుచేశాడు. 1960ల చివరి నుంచి 1979 దాకా కేంబ్రిడ్జ్ వాళ్ళు, అమెరికా వాళ్ళు, డెన్మార్క్ వాళ్ళు కలిసి హెర్క్యులస్ విమానాల్లో ఖండం మీద దాదాపు 4 లక్షల కిలోమీటర్లు తిరిగారు.

లెక్క ఎలా వేస్తారో ఒకసారి చేసి చూద్దాం

రేడియో తరంగం గాల్లో మైక్రోసెకండ్‌కి, అంటే సెకండ్‌లో పదిలక్షల వంతులో, 300 మీటర్లు పోతుంది. మంచులో కాస్త నెమ్మది, 168 మీటర్లు. పోవడం రావడం రెండూ లెక్కేసుకోవాలి కాబట్టి మంచులో ఒక మైక్రోసెకండ్ అంటే 84 మీటర్ల లోతు.

విమానం మంచుకి 500 మీటర్ల పైన ఎగురుతోంది అనుకోండి. పల్స్ వదిలిన 3.3 మైక్రోసెకండ్లకి మొదటి ఎకో వస్తుంది, అది మంచు పైభాగం. 39 మైక్రోసెకండ్లకి ఇంకో గట్టి ఎకో వస్తుంది. మధ్య తేడా 35.7. దాన్ని 84తో గుణిస్తే దాదాపు 3,000 మీటర్లు. మంచు మందం వచ్చేసింది, అంతే. చిన్న సవరణ ఒకటుంది, పైన యాభై వంద మీటర్ల మేర గాలి బుడగలున్న గట్టిపడని మంచు ఉంటుంది, అందులో రేడియో కాస్త వేగంగా పోతుంది, కాబట్టి ఓ పది మీటర్లు అదనంగా కలుపుతారు.

ఇక్కడిదాకా గొడవేం లేదు. మూడు కిలోమీటర్ల మంచులో పదో ఇరవయ్యో మీటర్ల తేడా అంటే ఎవరికైనా మంచి కొలతే. మరి తంటా ఎక్కడొస్తుంది?

ఎకోగ్రామ్‌లో ఏం కనిపిస్తుంది

విమానం వెళ్తూ వెళ్తూ పల్స్ మీద పల్స్ వదులుతుంది, వచ్చిన ఎకోలన్నీ పక్కపక్కన నిలువుగా పేరిస్తే ఒక బొమ్మ వస్తుంది, దాన్ని ఎకోగ్రామ్ అంటారు. 1970ల్లో దీన్ని 35 ఎంఎం ఫిల్మ్ మీద రికార్డ్ చేసేవారు, మన పాత సినిమా రీలు సైజే. చూస్తే పైన ఒక గట్టి గీత, అది మంచు ఉపరితలం. దాని కింద సన్నటి చారలు ఒకదాని కింద ఒకటి, మడతలు పెట్టిన దుప్పట్లు దొంతరగా పేర్చినట్టు, కొండ వచ్చిన చోట పైకి లేస్తూ లోయ వచ్చిన చోట కుంగుతూ పోతుంటాయి. ఇంకా కిందకి పోతే చారలు మాసిపోయి ఓ గరుకు అంచు, గుట్టలు గుట్టలుగా. అది నేల.

ఆ చారలే నాకు ఎక్కువ ఇష్టం. ఎప్పుడో అగ్నిపర్వతం పేలితే ఆ ఆమ్లం మంచుతో పాటు పడి పూడిపోతుంది, ఆ పొర దగ్గర రేడియోకి చిన్న తేడా తెలుస్తుంది, కొంచెం వెనక్కి తిరుగుతుంది. ఒకే చార మీదున్న మంచంతా ఒకే కాలంలో పడిందన్నమాట. ఒక చోట డ్రిల్ చేసి ఫలానా చార ఫలానా ఏళ్ళదని తేల్చుకుంటే, ఆ చార పట్టుకుని వందల కిలోమీటర్ల అవతలి మంచు వయసు కూడా చెప్పొచ్చు. 2025 జనవరిలో యూరప్ వాళ్ళు లిటిల్ డోమ్ సి దగ్గర 2,800 మీటర్లు తవ్వి 12 లక్షల ఏళ్ళకి పైబడిన మంచు తీశారని వార్తల్లో వచ్చింది కదా, అంత పెద్ద ఖండంలో అక్కడే తవ్వాలని ఎలా తెలిసిందంటే, ముందుగా రాడార్‌తో ఈ చారలు చదివి చోటు ఎంచుకున్నారు.

అడుగున ఉన్నది నీళ్ళా, రాయా

కొన్ని ఎకోగ్రామ్‌లలో గరుకు అంచు మధ్యలో ఉన్నట్టుండి అద్దంలా చదునైన, బాగా వెలుగున్న గీత వస్తుంది. సరస్సు. 1970ల్లో ఇలాంటివి కొన్ని పట్టుకున్నారు, అన్నింట్లోకీ పెద్దది రష్యా వోస్టాక్ స్టేషన్ కింద ఉంది, దాదాపు 250 కిలోమీటర్ల పొడవు, 50 కిలోమీటర్ల వెడల్పు, పైన సుమారు నాలుగు కిలోమీటర్ల మంచు. పైన ఉష్ణోగ్రత 1983లో మైనస్ 89.2 డిగ్రీలు నమోదైన చోటు, కింద నీళ్ళు! మంచు దుప్పటిలా కప్పి ఉంచడం, భూమి లోపలి వేడి, పైబరువుకి కరిగే ఉష్ణోగ్రత తగ్గడం, ఈ మూడూ కలిసి చేసిన పని. 2012లో రష్యావాళ్ళ డ్రిల్ ఆ నీటిని తాకింది కూడా.

వోస్టాక్ విషయంలో అనుమానం లేదు. కానీ ఎక్కడ వెలుగు ఎక్కువగా కనిపిస్తే అక్కడ నీళ్ళు అని అనేయొచ్చా? ఇక్కడే సైంటిస్టులు ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు, ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది.

మంచు కింద నీళ్ళుంటే తగిలిన రేడియోలో దాదాపు 45 శాతం వెనక్కి వస్తుంది. మామూలు రాయైతే రెండు మూడు శాతం. అంటే నీళ్ళు రాయికంటే పదిహేను ఇరవై రెట్లు మెరుస్తాయి, బ్రహ్మాండమైన తేడా కదా అనిపిస్తుంది. ఇప్పుడు దారిలో పోయేది చూడండి. ప్రతి కిలోమీటర్‌కీ పవర్‌లో 10 శాతమే మిగులుతుంది అనుకుందాం. మూడు కిలోమీటర్ల మంచు, పోను రాను ఆరు, కాబట్టి చివరికి మిగిలేది పదిలక్షల్లో ఒక వంతు. అదే మంచు మనం అనుకున్నదానికంటే కాస్త చల్లగా ఉండి కిలోమీటర్‌కి 10 బదులు 16 శాతం మిగిలిందనుకోండి, చివరికి తేడా ఎంతో తెలుసా, సుమారు 17 రెట్లు. అంటే మంచు లోపలి చలి గురించి మన అంచనా ఆ మాత్రం తప్పితే చాలు, రాయి నీళ్ళలా మెరుస్తుంది, నీళ్ళు రాయిలా కనిపిస్తాయి.

ఇది కాగితం మీద భయం కాదు. కెనడాలో డెవాన్ ఐస్ క్యాప్ కింద చాలా ఉప్పటి సరస్సులున్నాయని 2018లో రాడార్ ఆధారంగా ఒక పేపర్ వచ్చింది, పెద్ద వార్త అయింది, ఎందుకంటే అంత చల్లటి చోట నీళ్ళుంటే బృహస్పతి ఉపగ్రహాల మీద జీవం గురించి మాట్లాడుకోవచ్చు. తర్వాత అక్కడికే వెళ్ళి భూమిని అదిరించి కంపనాలు కొలిచి, కరెంటు ఎలా పారుతుందో కూడా చూశారు, 2024లో సరస్సు లేదని రాశారు. మార్స్ దక్షిణ ధ్రువం కింద 2018లో మార్సిస్ రాడార్‌కి దొరికిన "సరస్సు" కథ కూడా ఇదే దారిలో నడుస్తోంది, నీళ్ళని ఒక వర్గం, బంకమట్టి లాంటి ఖనిజాలనో సన్నటి పొరల మాయనో ఇంకో వర్గం.

అందుకని ఇప్పుడు ఒక్క వెలుగునే నమ్మరు. గీత చదునుగా ఉందా, అద్దంలా ఒకే దిక్కుకి తిప్పుతోందా లేక చెదరగొడుతోందా, చుట్టుపక్కల కంటే మెరుస్తోందా, పైన మంచు ఉపరితలం కూడా మైదానంలా సాపుగా ఉందా, ఇవన్నీ కలిస్తేనే సరస్సు అంటారు. నా ఉద్దేశంలో వార్త చదివేటప్పుడు పెట్టుకోవాల్సిన గుర్తు ఒకటే: రాడార్ లోతు చెప్తే దాదాపు కొలత, ఫలానా పదార్థం అని చెప్తే అది వాదన.

గీతల మధ్య ఖాళీ, అక్కడ నైసార్ పని

రెండో తంటా ఇంకా మామూలుది. విమానం గీత మీద వెళ్తుంది, గీత కిందే కొలుస్తుంది. రెండు గీతల మధ్య పదుల కిలోమీటర్ల ఖాళీ ఉంటే అందులో ఒక లోయ మొత్తం దాక్కోవచ్చు. భారతీ స్టేషన్ తెలుసు కదా, 2012 నుంచి నడుస్తున్న మన స్టేషన్, హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సి (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) వాళ్ళ శాటిలైట్ గ్రౌండ్ స్టేషన్ కూడా అక్కడే ఉంది. అది ప్రిన్సెస్ ఎలిజబెత్ ల్యాండ్ అంచున ఉంటుంది, ఆ ప్రాంతం లోపలి భాగం మొన్నమొన్నటిదాకా మంచు మ్యాపుల్లో అతి పెద్ద ఖాళీల్లో ఒకటి. 2015 తర్వాత చైనా వాళ్ళ స్నో ఈగిల్ విమానం తిరిగాకే అక్కడ 42 కిలోమీటర్ల పొడవున్న సరస్సు బయటపడింది.

పెద్ద సర్వేలన్నింట్లో మనవాళ్ళు గర్వంగా చెప్పుకునే పేరు ఒకటుంది, గోగినేని ప్రసాద్. కాన్సాస్ యూనివర్సిటీలో 2005లో పెట్టిన సీరిసిస్ అనే మంచు రాడార్ సెంటర్‌కి మొదటి డైరెక్టర్ ఆయనే, అక్కడ తయారైన రాడార్లే నాసా ఆపరేషన్ ఐస్‌బ్రిడ్జ్ విమానాల్లో 2009 నుంచి 2019 దాకా ఎగిరాయి.

సరే, ఖాళీ ఎలా నింపుతారు? పాపికొండల దగ్గర గోదావరిని తలచుకోండి. రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పున్న నది అక్కడ రెండు కొండల మధ్య సన్నగా దూరిపోతుంది, నీళ్ళు మాత్రం అవే కదా, కాబట్టి లోతైనా ఉండాలి, వేగమైనా పెరగాలి. గ్లేసియర్ కూడా నదే, నెమ్మదిగా పోయే నది. ఎగువన రాడార్ గీత ఉంది, అక్కడ వెడల్పు 20 కిలోమీటర్లు, మందం 1 కిలోమీటర్, వేగం ఏడాదికి 300 మీటర్లు అనుకుందాం, అంటే ఏడాదికి 6 ఘన కిలోమీటర్ల మంచు దాటుతోంది. దిగువన గీత లేదు, కానీ వెడల్పు 10 కిలోమీటర్లనీ వేగం 400 మీటర్లనీ శాటిలైట్ చెప్పింది. అదే 6 ఘన కిలోమీటర్లు అక్కడ పట్టాలంటే మందం కిలోమీటరున్నర ఉండి తీరాలి. మధ్యలో పడిన మంచు, కరిగిన మంచు కూడా లెక్కలో కలుపుతారు, కానీ కీలకం ఇదే. ఇలా వేసిన బెడ్‌మెషీన్ మ్యాపులోనే 2019లో డెన్మన్ గ్లేసియర్ కింద సముద్ర మట్టానికి 3,500 మీటర్ల దిగువకి పోయే లోయ బయటపడింది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ ఉపయోగపడేది ఇక్కడ. దాని ఎల్ బ్యాండ్ తరంగం పొడవు 24 సెంటీమీటర్లు, పొడి మంచులో కొన్ని మీటర్లు, మహా అయితే పదుల మీటర్లు దూరుతుంది, అంతకంటే లోపలికి పోలేదు. కానీ 12 రోజులకోసారి అదే చోటుని చూస్తుంది కాబట్టి మంచు ఎటు, ఎంత వేగంగా కదిలిందో బాగా చెప్తుంది. వేగం శాటిలైట్ ఇస్తుంది, మందం విమానం ఇస్తుంది, రెండూ పెట్టి గుణిస్తే సముద్రంలోకి ఏటా ఎంత పోతోందో వస్తుంది. ఫార్వర్డ్ రాసినవాడు విమానం చేసే సగాన్ని కూడా శాటిలైట్‌కే కట్టేశాడు. ఇంకో చిక్కు, ఈ పద్ధతి వేగంగా జారే మంచులో బాగా పనిచేస్తుంది, ఖండం నడిమధ్యలో మంచు దాదాపు కదలదు, అక్కడ విమానం పోవడం తప్ప దారి లేదు.

ఇదంతా సముద్ర మట్టం లెక్కలోకి ఎలా వస్తుంది

అంటార్కిటికా మంచంతా కరిగితే సముద్రం సుమారు 58 మీటర్లు పెరుగుతుందనే అంకె ఈ రాడార్ మ్యాపుల నుంచి వచ్చిందే, అంతా కరుగుతుందని ఎవరూ అనట్లేదు. అసలు భయం పడమటి వైపు త్వెయిట్స్ గ్లేసియర్ గురించి, అది పోతే ఒక్కటే 65 సెంటీమీటర్లు. దాని అడుగు సముద్ర మట్టానికి కిందుంది, పైగా లోపలికి పోయే కొద్దీ ఇంకా దిగుతుంది, బావిలోకి దిగినట్టు.

మంచు నేల మీద కూర్చుందా, తేలుతోందా అనేది చిన్న లెక్క. సముద్రపు నీటితో పోలిస్తే మంచు బరువు దాదాపు 0.89 వంతు, కాబట్టి మంచు మందాన్ని 0.89తో గుణిస్తే నీళ్ళ లోతు కంటే ఎక్కువ రావాలి, అప్పుడే కూర్చుంటుంది. 900 మీటర్ల మంచు, 800 మీటర్ల లోతు అనుకోండి, 801 వస్తుంది, అంటే సరిగ్గా అంచు మీద ఉంది. అదే అడుగు నిజానికి 770 మీటర్ల దగ్గరే ఉండి మంచు 870 అయితే 774, ఇంకా కూర్చునే ఉంది. లోతు 850, మంచు 950 అయితే 845.5, తేలిపోయింది. పైన మంచు ఎత్తు మూడు సందర్భాల్లోనూ దాదాపు ఒకటే, ఓ 100 మీటర్లు! ఎకోలో ఒక్క మైక్రోసెకండ్ 84 మీటర్లని చెప్పుకున్నాం, అలాంటి కొలత పక్కన ఈ యాభై మీటర్లు ఎంత విలువైనవో చూడండి.

ఇలా తేలే చోటు ఒకసారి వెనక్కి జరిగితే అక్కడ మంచు ఇంకా మందం, ఇంకా ఎక్కువ సముద్రంలోకి పోతుంది, ఇంకా వెనక్కి జరుగుతుంది, ఆగదేమో అని 1974లోనే వీర్ట్‌మన్ అనే మంచు శాస్త్రవేత్త చెప్పాడు. 2016లో ఇంకో వాదన వచ్చింది, ముందు తేలే మంచు విరిగిపోతే మిగిలిన ఎత్తైన మంచు గోడలు తమ బరువుకే కూలిపోతాయి, అదే జరిగితే 2100కల్లా ఒక్క అంటార్కిటికా వల్లే మీటరుకి పైగా పెరగొచ్చు అని. ఒప్పుకోనివాళ్ళు తక్కువేం కాదు, 2024లో మూడు మోడళ్ళతో త్వెయిట్స్‌ని నడిపి చూసినవాళ్ళు ఈ శతాబ్దంలో గోడలు అలా కూలకపోవచ్చన్నారు, అయితే మంచు పల్చబడటం, వెనక్కి జరగడం ఆగుతుందని వాళ్ళూ అనలేదు. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఈ గోడల సంగతిని జరిగే అవకాశం తక్కువ, జరిగితే దెబ్బ ఎక్కువ అనే గంపలో పెట్టింది.

రెండు వర్గాలూ వాడేది ఒకటే, మంచు కింద ఉన్న నేల మ్యాపు. నేల మీద ఎక్కడ ఒక గుట్ట అడ్డం ఉంటే అక్కడ మంచు కొన్నేళ్ళో కొన్ని దశాబ్దాలో ఆగొచ్చు, ఆ గుట్ట రెండు గీతల మధ్య ఖాళీలో ఉంటే మోడల్‌కి అది లేనట్టే. అందుకే ఒకసారి తిరిగిన చోటే ఇంకా దగ్గర దగ్గర గీతలతో మళ్ళీ తిరుగుతున్నారు. పాత గీతలు కూడా వృథా పోలేదు, 1970ల నాటి ఆ ఫిల్మ్ రీళ్ళని స్టాన్‌ఫర్డ్ వాళ్ళు స్కాన్ చేసి, 1978లో త్వెయిట్స్ మీద వెళ్ళిన దారిని 2009 నాటి రాడార్ పక్కన పెట్టి చూశారు. తూర్పు వైపు తేలే మంచు ఆ 31 ఏళ్ళలో చోటుని బట్టి 10 నుంచి 33 శాతం పల్చబడింది.